సైదమ్మ నిశాని

"ఈసారి కేకు నువ్వే చెయ్యి అత్తమ్మా."

ఈ ఒక్క మాట అనడానికి ఉమారాణి వారం రోజులుగా లోలోపల తంటాలు పడింది. తీరా అన్నాక అది వంటింట్లో ఎక్కడా నిలవకుండా జారిపోయింది. గడప దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సైదమ్మ తల కూడా ఎత్తలేదు.

"నాకేడ చాతనైతది బిడ్డా. నువ్వు మంచిగ చేస్తవు గద."

"ఎప్పుడూ నేనే చేస్తున్న. ఈసారి నీ తీరు కేకు తినాలనున్నది. ఆజం భట్టికి పట్కపోదాం. నేను గూడ వస్త."

సైదమ్మ చేతిలో కాయ ఆగింది. "భట్టికా?" అంది. ఆ అడగడంలో సంతోషం ఉందో అనుమానం ఉందో ఉమారాణికి అంతుపట్టలేదు. అత్త ముఖంలోంచి ఏదైనా చదవాలని చూసిన ప్రతిసారీ ఆమెకు ఇదే అవస్థ.

హాల్లో పేపరు చూస్తున్న భర్త దివాకర్ అక్కణ్ణుంచే నవ్వాడు. "ఇంట్ల ఓవెన్ పెట్టుకొని డబ్బా నెత్తిన పెట్టుకొని తిరుగుతరా ఇద్దరు? పిచ్చి లేసిందా?"

"నిన్నెవడడిగిండ్రా?" అంది సైదమ్మ. "తినే టైముకు రా, చాలు."

అది ఒప్పుకోవడమేనని ఉమారాణి అనుకుంది. కొద్దిగా ఊపిరి పీల్చుకుంది.

నల్గొండలో చర్చి వెనకాల గల్లీ వాళ్ళది. ఆ గల్లీలో క్రిస్మస్ కేకు కలిపేది ఇళ్ళల్లో, కాలేది మాత్రం ఆజం బేకరీలో. ఆజం తాత కట్టించిన ఇటుక భట్టి అది. పండగ దగ్గర పడ్డ రోజుల్లో, మధ్యాహ్నం రొట్టెలన్నీ దింపేసి నిప్పు లాగేశాక, ఇంకా వేడి చావని ఆ గుహలోకి ఆడవాళ్ళ డబ్బాలన్నీ వరసగా పోయేవి. ఒకటే షరతు. మందు చుక్క కలిసింది ఏదీ లోపలికి పోగూడదు. అందుకే ఆ గల్లీలో ఎండు పండ్లు రమ్ములో నానవు, నల్లద్రాక్ష రసంలో నానుతాయి. ఆ షరతు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. వేరే ఊళ్ళో చుట్టాలింట రమ్ము వేసిన కేకు తింటే మాత్రం ఆ గల్లీ వాళ్ళు మొహం చిట్లించేవారు.

డబ్బాలన్నీ ఒక్క తీరువే. ఏది ఎవరిదో తెలియాలి గనక ఒక్కో ఇంటికీ ఒక్కో నిశాని ఉండేది. పిండి మీద పప్పులతోనో కిస్మిస్‌లతోనో ఒక గుర్తు. భట్టి ముందు అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు డబ్బా బయటికి రాగానే దూరం నుంచే "మాది, మాది" అని లేచేవారట. అట అనడం ఎందుకంటే ఉమారాణి ఎన్నడూ చూడలేదు. ఆమెది జడ్చర్ల. వాళ్ళ నాయిన మందుల కంపెనీలో పని. వాళ్ళింట్లో కేకు అంటే బేకరీలో కొనుక్కొచ్చే తెల్ల క్రీము కేకే.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆమె పెళ్ళయింది. ఆ డిసెంబరులోనే, కొత్తగా చేరిన స్కూలు నుంచి తోటి టీచర్లు ఇంటికొచ్చారు. సైదమ్మ కేకు అప్పటికే భట్టి నుంచి వచ్చి ఉంది. నల్లగా, బరువుగా, మాడ్చిన చక్కెర పాకంతో, శొంఠి లవంగాల ఘాటుతో, ఖర్జూరాలు కిక్కిరిసిన కేకు. కోసి ప్లేట్లలో పెట్టింది ఉమారాణే. లెక్కలు చెప్పే ప్రవళిక తన ముక్కను ప్లేటు అంచు మీద టక్కున కొట్టి, "అమ్మో ఉమా, ఇది కొడితే తలకాయ పగుల్తది" అంది. అందరూ నవ్వారు. ఉమారాణి కూడా నవ్వింది.

ఆ నవ్వును తర్వాత ఆమె ఎన్ని వైపుల నుంచి చూసుకుందో లెక్కలేదు. చిన్న నవ్వే. పెద్దగా చప్పుడు కూడా కాలేదు. కొత్త కోడలు, కొత్త ఉద్యోగం, ఎదురుగా కొత్త స్నేహితులు, నవ్వకపోతే ఏం బాగుంటుంది? కానీ ఆ నవ్వులో, నేను ఈ ఇంటిదాన్ని కాదు, నేనూ మీలాంటిదాన్నే అని చెప్పుకోవాలనే ఆత్రం ఉంది. అది ఆమెకు అప్పుడే తెలుసు. అప్పుడే వంటింటి తలుపుకున్న తెర కదిలింది. కాసేపటికి సైదమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చింది. అందరినీ పేరుపేరునా అడిగి, చక్కెర సరిపోయిందా అని కనుక్కుని వెళ్ళింది. ఆమె విన్నదా? తెర గాలికి కదిలిందా? ఇన్నేళ్ళుగా ఉమారాణి ఆ తెర చాటునే తలదాచుకుంటూ వచ్చింది.

రెండేళ్ళ తర్వాత కరెంటు ఓవెన్ కొన్నారు. "నీకెందుకత్తమ్మా ఈ కష్టం, పాకం మాడ్చుడు, పిండి కుమ్ముడు, భట్టికి తిరుగుడు? నేను అల్కగ చేసేస్త" అంది ఉమారాణి. గుడ్లు, చక్కెర, నూనె, నారింజ రసం, మైదా, గుప్పెడు టూటీ ఫ్రూటీ, కొన్ని కిస్మిస్‌లు. ఫోనులో చూసి నేర్చుకున్నది. దూదిలా వచ్చింది. దివాకర్ రెండు ముక్కలు ఎక్కువే తిన్నాడు. పాస్టరమ్మ చర్చిలో అందరి ముందూ మెచ్చుకుంది. సైదమ్మ ఒక ముక్క తిని, "మంచిగున్నది, మెత్తగ" అంది. మరుసటి ఏడు డిసెంబరులో సైదమ్మ ఖర్జూరాలు తెమ్మని అడగలేదు. ఆ మరుసటి ఏడూ అడగలేదు. ఎవరూ ఆమెను మానెయ్యమనలేదు. ఎవరూ చెయ్యమని కూడా అనలేదు.

అదంతా ప్రేమేనని ఉమారాణి చాలాకాలం నమ్మింది. పెద్దామెకు చాకిరీ తప్పించాను కదా అని. మనసు తనకు అక్కరకొచ్చే కథనే తనకు చెప్పుకుంటుంది, బాగా చెప్పుకుంటుంది.

ఆ కథను విరగ్గొట్టింది హలీమా. ఆజం తల్లి. పోయిన నెల కూరగాయల మార్కెట్లో కనబడి చెయ్యి పట్టుకుంది. "మీ అత్త మంచిగున్నదా బేటీ? డిసెంబర్ వస్తే అరుగు మీద కూసొని గల్లీ మలుపు దిక్కు చూస్త. రాదు. మొదటి ఏడు జరం వచ్చిందేమో అనుకున్న. గిప్పుడు అలవాటైంది." కొత్తిమీర కట్ట విదిలిస్తూ, ఏదో చిన్న సంగతి చెబుతున్నట్టు, "భట్టి గీ పండుగ దాక్నే. సంక్రాంతి లోపట కూలగొడ్తడట మావోడు. కరెంటుది పెడ్తడట" అంది.

ఆ రోజు ఉమారాణి టమాటాలు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చింది. తను అత్త చేతిలోంచి తీసుకున్నది చాకిరీని కాదు. ఏడాదికి ఒక మధ్యాహ్నాన్ని. ఒక అరుగును. తన కోసం మలుపు వైపు చూసే ఒక మనిషిని. తీసుకున్నది తిరిగి ఇవ్వడానికి ఇంక ఒక్క పండుగే మిగిలింది. అదీ నోటితో ఒక్క మాట చెప్పకుండా, అటూ ఇటూ ఎవరూ సిగ్గుపడకుండా ఇచ్చెయ్యాలని ఆమె ఆశ.

క్రిస్మస్‌కు ముందు రోజు పొద్దున ఖర్జూరాలు, నల్లద్రాక్ష రసం, శొంఠి, లవంగాలు అన్నీ పొయ్యి పక్కన వరసగా పెట్టింది. సైదమ్మ కొంగు నడుముకు చుట్టి, "నువ్వు బైటికి పో. నువ్వుంటే నాకు చెయ్యి ఆడది" అంది.

ఉమారాణి హాల్లో కూర్చుంది. మేడ మీద పిల్లలు నక్షత్రానికి బల్బు కడుతూ కొట్లాడుకుంటున్నారు. ఆమె చెవులు అటు లేవు. ఆమె ఒక వాసన కోసం కాచుకుని కూర్చుంది. చక్కెర మాడి నల్లబడేటప్పుడు వచ్చే ఆ చేదు తీపి వాసన. పెళ్ళైన ఏడు ఆ వాసనకే ఆమెకు తలనొప్పి వచ్చింది. ఇప్పుడు అదొస్తే చాలు, కళ్ళు మూసుకుని పీల్చాలని ఉంది.

అది రాలేదు. గిన్నెలో చెంచా టకటకా కొట్టుకునే చప్పుడు వచ్చింది, చాలాసేపు, ఆగకుండా. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. తర్వాత నారింజ వాసన వచ్చింది.

లేచి వెళ్ళి చూసింది. నారింజ పండ్లు, టూటీ ఫ్రూటీ డబ్బా సైదమ్మ తనే అలమారలోంచి తీసుకుంది. పళ్ళెంలో టూటీ ఫ్రూటీని మైదాలో దొర్లిస్తోంది. పిండిలో మునిగి అడుక్కి పోకుండా ఉండాలని ఉమారాణి చేసే పని అది. అచ్చంగా అలాగే, వేళ్ళ కొసలతో. ఏళ్ళ తరబడి ఆ గడప దగ్గర పీట మీద కూర్చుని ఈనెలు తీస్తూ ఆమె చూసిందంతా ఇదన్నమాట. ఖర్జూరాలు కట్టిన పొట్లం కట్టినట్టే ఉంది.

"అత్తమ్మా, నీది చెయ్యమన్న గద. పాకం మాడ్చేది."

"అది యాదికి లేదు బిడ్డా."

"యాదికి లేకుంటెట్ల? ఇన్నేండ్లు చేసినవు!"

"నోటికి యాదుంటే చెప్దును. చెయ్యికి యాదుండె. ఎంత సేపు మాడ్వాలె, ఎప్పుడు నీళ్ళు కొట్టాలె, అదంత చెయ్యికే ఎరుక. చెయ్యి మర్చింది." సైదమ్మ పిండిలో పండ్లు వేసి గరిటెతో మెల్లగా తిప్పింది. "గిది అల్కగున్నది. ఎవరైన చెయ్యొచ్చు."

నిజంగా మరిచిపోయిందా, ఇక చెయ్యకూడదని ఎప్పుడో నిర్ణయించుకుందా? అడగడానికి ఉమారాణికి ఏ హక్కూ కనబడలేదు. ఏదైనా ఒకటే. ఆ నల్ల కేకు ఇక ఈ లోకంలో లేదు. చివరిసారి ఎవరు తిన్నారో, అదే చివరిదని వాళ్ళకు తెలియను కూడా తెలియదు. తను అయితే ఆ మొదటి ఏడు ఒక మూల కొరికి మిగతాది పేపరులో చుట్టి పారేసింది.

"పా, భట్టి వేడి సల్లారుతది" అంది సైదమ్మ, డబ్బా మీద బట్ట కప్పుతూ.

బేకరీ వెనక అరుగు మీద హలీమా తప్ప ఎవరూ లేరు. ఒకప్పుడు కూర్చోవడానికి జాగా దొరికేది కాదట. భట్టి ముందు బల్ల మీద ఎవరివో నాలుగైదు డబ్బాలున్నాయి, అంతే. గల్లీ మలుపు తిరిగి వస్తున్న సైదమ్మను చూసి హలీమా లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్ళీ కూలబడింది.

"అరె! తొవ్వ యాదికొచ్చిందా? సచ్చినవో బతికినవో అనుకున్న!"

"నువ్వు పోయినంక నిమ్మళంగ వద్దామనుకున్న. నువ్వు పోకపోతివి."

"నాకేం తొందర? నిన్ను సాగనంపి పోత." హలీమా బట్ట ఎత్తి డబ్బాలో ముక్కు పెట్టింది. "శరాబ్ గిట్ల ఏసినవా?"

"ఏసిన. సీసెడు. నీ కొడుక్కు చెప్పకు."

ఇద్దరూ నవ్వారు. ప్రతి ఏడూ అనుకునే మాటలవి అని ఆ నవ్వులోనే తెలుస్తోంది. సైదమ్మ అరుగు మీద ఒక చోటు చూసుకుని, చేత్తో తుడిచి, కూర్చుంది. అది ఆమె చోటై ఉంటుంది. ఉమారాణి నిలబడే ఉంది. అత్త ఇంత గట్టిగా నవ్వడం ఇంట్లో ఎన్నడూ వినలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

హలీమా వేలితో పిండి అంచు తాకి చూసింది. "గిదేంది, గింత పల్సగ? నీ పిండిల గరిటె నిలబడేది గదనే!"

"ఆఁ" అంది సైదమ్మ, భట్టి నోటి వైపు చూస్తూ. "మాది కొడితే తలకాయ పగిలేదాయె."

హలీమా పకపకా నవ్వింది.

ఉమారాణి కాళ్ళ కింద నేల అలాగే ఉంది. గోడ మీద ఎండ కూడా కదల్లేదు. అక్షరాలా ఆ రోజు ప్రవళిక అన్నదే. అత్త విన్నది. అంతకన్నా ఆమెను కుదిపింది హలీమా నవ్వు. అది కొత్త మాట విన్న నవ్వు కాదు. ఎప్పుడో విని, ఇద్దరూ కలిసి నవ్వుకుని, అరగదీసిన మాటకు వచ్చే నవ్వు. అంటే సైదమ్మ ఆ మరుసటి ఏడే వచ్చి ఈ అరుగు మీద ఆ మాట చెప్పుకుంది. ఎలా చెప్పుకుందో, ఏడుస్తూనో నవ్వుతూనో. మా కోడలు గూడ నవ్వింది అని చెప్పిందో లేదో. గుండెలో దిగిన దాన్ని చేత్తో తీసి, మొన విరిచి, పదిమందిలో ఆడుకునే వస్తువుగా మార్చుకుంది. ఆ పని చేసుకున్న అరుగుకే ఆ తర్వాత రాకుండా చేసింది తను.

'అత్తమ్మా, ఆ రోజు' అన్న మాటలు గొంతు దాకా వచ్చాయి. బయటికి వస్తే ఏమవుతుంది? ఆమె నవ్వు ఆగిపోతుంది. ఇన్నేళ్ళకు దక్కిన ఈ మధ్యాహ్నం కూడా తన బాధ చుట్టూ, తనను ఓదార్చడం చుట్టూ తిరుగుతుంది.

"చాయ్ తాగుతవా అత్తమ్మా?" అంది ఉమారాణి.

"తేపో. దీనికి గూడ. చక్కెర ఎయ్యకుండ తే, దీనికి షుగర్. చెప్పదు గని."

చాయ్ పట్టుకుని వచ్చేసరికి ఆజం పొడుగాటి కర్ర పార పట్టుకుని సైదమ్మ ముందు నిలబడి ఉన్నాడు. "ఖాలా, నిశాని పెట్టలే. పెట్టు, లోపటికి నూకుత."

సైదమ్మ కోడలి వైపు తిరిగింది. "నువ్వు పెట్టు. ఇప్పుడు నీదే గద."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని ఉమారాణికి అనిపించింది. ఆమెకు ఆ గుర్తు ఏమిటో తెలియదు. ఆ ఇంటికి కోడలై ఇన్నేళ్ళు, ఆ ఇంటి నిశాని ఆమెకు తెలియదు. చాయ్ గ్లాసులు అరుగు మీద పెట్టి, ఖాళీ చేతులు కొంగుతో తుడుచుకుంటూ నిలబడింది.

"జర జరుగు" అంది హలీమా. "నాకు ఎరుక."

ఆజంను కేకేసి దుకాణంలోంచి నాలుగు జీడిపప్పు బద్దలు, ఒక ఖర్జూరం తెప్పించింది. బద్దలను నాలుగు దిక్కులా పెట్టి, నడుమ ఖర్జూరాన్ని నిలబెట్టింది. "సిలువ అంటది మీ అత్త. నేనేమో పువ్వు అనేదాన్ని. గీ జగడం తెగనే లేదు" అంది. సైదమ్మ దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆజం డబ్బాను లోపలికి తోశాడు.

తర్వాత ఉమారాణి కూడా అరుగు కొసన కూర్చుంది. ముసలివాళ్ళిద్దరూ చచ్చిపోయిన వాళ్ళ గురించి, బతికున్న వాళ్ళ మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. భట్టి కూలగొట్టడం గురించి ఎవరూ ఎత్తలేదు. తనను ఎవరూ మాటల్లోకి పిలవలేదు, పొమ్మనీ అనలేదు. అంత మాత్రం చోటు దొరకడమే ఎక్కువ అనుకుంది.

ఆజం డబ్బాలు ఒక్కొక్కటే లాగి బల్ల మీద పెట్టాడు. మిగతావాటి మీద కిస్మిస్ గీతలు, పప్పుల చుక్కలు కనిపిస్తున్నాయి. చివరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బంగారు రంగులో నున్నగా పొంగింది. పైన ఏమీ లేదు.

"గిది ఎవరిది? నిశాని లేదు."

పల్చటి పిండి బరువు ఆపలేకపోయింది. మైదాలో దొర్లించిన టూటీ ఫ్రూటీ అంతటా నిలిచింది. పైన పెట్టిన గుర్తు మాత్రం మునిగిపోయింది. గట్టి పిండి కాలం నాటి అలవాటుతో పెట్టింది హలీమా. ఈ పిండి దాన్ని మోయదని ఆ ముగ్గురిలో తెలిసినది ఉమారాణికొక్కతెకే. మునుపు ఒకసారి పైన జీడిపప్పు పెట్టి చూసి మానేసింది. తెలిసీ అప్పుడు నోరు రాలేదు.

"మాదే" అంది సైదమ్మ.

"ఎట్ల గుర్తుపడ్తివి ఖాలా?"

"అడుగుకు పోయుంటది. యాడికి పోతది?"

హలీమా సైదమ్మ చేతిని కాసేపు వదల్లేదు. "మల్ల ఏడు..." అని మొదలుపెట్టి, భట్టి వైపు చూసి, "పో, చీకటి పడ్తది" అంది.

పండుగ రోజు చర్చి నుంచి వచ్చాక కేకు సైదమ్మే కోసింది. దివాకర్ నోట్లో పెట్టుకుని, "నువ్వు చేసినట్టే ఉంది గదా ఉమా, తేడానే లేదు" అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. సైదమ్మ నవ్వి పిల్లలకు ముక్కలు అందించింది.

ఉమారాణి తన ముక్క పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వెళ్ళింది. తిప్పి చూసింది. అడుగున, డబ్బా రేకు వేడికి, ఖర్జూరం నల్లగా మాడి ఉంది. పక్కన సగం బద్ద. వేలితో పెకలించి నోట్లో పెట్టుకుంది. మొదట చేదు. తర్వాత ఆ చేదు కింద నుంచి మెల్లగా, గొంతు వెనక ఎక్కడో, మాడిన చక్కెర తీపి. పెళ్ళైన ఏడు మూల కొరికి పేపరులో చుట్టి పారేసిన రుచి ఇది. ఇంత మంచిగుండేదా?

"ఏందది, మాడిందా?" వెనక నుంచి సైదమ్మ అడిగింది. "ఊంచెయ్యి బిడ్డా, చేదైతది. ఇంకో ముక్క ఇస్త."

ఉమారాణి తల అడ్డంగా ఊపింది. ఆమె వైపు తిరగకుండానే, అది కరిగిపోకూడదని, నమలకుండా బుగ్గన పెట్టుకుని నిలబడింది.